నేను కల్పించిన యూదుడు

ముప్ఫై ఏళ్ళు దాటింది. ఒక మనిషి గురించి నేను చెప్పిన అబద్ధాన్నీ, చెప్పవలసిన చోట మింగేసిన నిజాన్నీ మోస్తూ తిరుగుతున్నాను. నా భార్యకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. నా పేరు మీకు తెలియదు గనుక, మీ ముఖం నాకు కనబడదు గనుక, మీకు చెబుతున్నాను. చెబుతూనే మిమ్మల్ని అనుమానిస్తున్నాను. ఇది చదివాక మీరు ఎవరికి చెబుతారు? ఎలా మార్చి చెబుతారు? ఈ అనుమానించే గుణం నాకు ఆ రోజుల్లోనే పట్టుకుంది. గల్ఫ్ యుద్ధం ముగిసినా అది నన్ను వదలలేదు.

నా మీద నాకున్న అనుమానం ఇంకా పెద్దది. తప్పు ఒప్పుకునే మనిషి ఆ ఒప్పుకోవడంలోనే తనను కాస్త మంచివాడిగా దిద్దుకుంటాడు. ఎక్కడైనా నేను ఆ పని చేస్తున్నట్టు మీకు తోస్తే, అక్కడ నన్ను నమ్మకండి.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. మా వంశంలో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. పట్టా చేతికి వచ్చింది గాని ఉద్యోగం రాలేదు. సౌదీ అరేబియాలో రాస్ తనూరా అనే ఊరికి, ఒక కాంట్రాక్టు కంపెనీలో టైం కీపర్‌గా వెళ్ళాను. అంటే పనివాళ్ళ హాజరు వేసే గుమాస్తాను. నూనె శుద్ధి చేసే పెద్ద కర్మాగారంలో మరమ్మతులు చేసే మనుషులు మా క్యాంపులో ఉండేవారు. సగానికి పైగా మా వైపు జిల్లాలవాళ్ళే. తాపీ పని, పెయింటింగు, ఇనుప గొట్టాలతో మంచెలు కట్టే పని. వాళ్ళందరికీ నేను "సారు"ను. వయసులో నాకంటే పెద్దవాళ్ళు కూడా నేను వస్తే మంచం మీద జరిగి చోటిచ్చేవారు. ఆ చోటు నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

సాయంత్రం పని దిగి స్నానాలు చేసి అందరూ నా గది ముందు చేరేవారు. నా దగ్గర రేడియో ఉంది. ఇంగ్లీషు వార్తలు విని వాళ్ళకు తెలుగులో చెప్పాలి. ఎవరూ పెట్టకుండానే ఏర్పడ్డ నియమం అది. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన తర్వాత ఆ గుంపు పెద్దదైంది. యుద్ధం వస్తుందా? వస్తే మనల్ని ఇంటికి పంపుతారా? విషవాయువు వదిలితే ఎక్కడ దాక్కోవాలి? నిజానికి నాకు తెలిసింది చాలా తక్కువ. కాని "నాకు తెలియదు" అన్న మాట మాత్రం నా నోట వచ్చేది కాదు. చదివినవాడు కూడా తెలియదంటే ఇక ఆ చదువెందుకు? మా ఇంట్లో నన్ను చదివించడానికి ఎవరెవరు ఏమేమి మానుకున్నారో నాకు తెలుసు. తెలియదనడం వాళ్ళను అవమానించినట్టుగా అనిపించేది.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఒక చిన్న పుస్తకం నా చేతికి వచ్చింది. అచ్చు పుస్తకం కాదు, ఫొటోస్టాట్ కాగితాలు కుట్టినది. ఎవరు రాశారో లేదు, ఎక్కడ వేశారో లేదు. ఒకరి బల్ల మీది నుంచి ఇంకొకరి బల్ల మీదికి నడుస్తూ వచ్చింది. లోకంలో జరిగిన ప్రతి యుద్ధం వెనకా, ప్రతి కరువు వెనకా, ప్రతి పత్రిక వెనకా, ప్రతి రాజు చెవి దగ్గరా యూదులు ఉన్నారని అందులో ఉంది. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు పేర్లు పెట్టుకుంటారట, ఎవరిలోనైనా కలిసిపోతారట, అందుకే కనబడరట.

నేను దాన్ని నమ్మాను. ఎందుకు నమ్మాను? పగ వల్ల కాదు. నాకు యూదులతో ఏ పగా లేదు. అప్పటికి ఒక్క యూదుణ్ణీ చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. అది ఇంగ్లీషులో ఉంది, అదొక కారణం. నా వంటివాడికి ఇంగ్లీషులో ఉన్నదంతా పాఠ్యపుస్తకమే. రెండో కారణం అంతకన్నా చెడ్డది. నన్ను అడిగే ప్రతి ప్రశ్నకూ అందులో జవాబు ఉంది. ఇక నేను ఎప్పుడూ తెలియదనవలసిన పని లేదు.

మా వాళ్ళలో రాజలింగం అని మంచెలు కట్టే మేస్త్రీ ఉండేవాడు. సిరిసిల్ల వైపు మనిషి. నోరు పెద్దది, మనసు మంచిది. అతని మాట మీద క్యాంపు నడిచేది. ఒక సాయంత్రం అతను అడిగాడు.

"గీ లడాయి అసలు ఎవలు వెట్టిచ్చిన్రు సారూ? ఇరాకోళ్ళు, కువైటోళ్ళు ఒక్క దేవునికే మొక్కుతరట గదా?"

యూదులను అక్కడివాళ్ళలాగే యహూదీలంటూ, నేను ఆ కాగితాల్లో ఉన్నదంతా చెప్పాను. చక్కగా, వరుసగా, తరగతిలో చెప్పినట్టు.

"యహూదీలంటే ఎవలు సారు? మన దిక్కు ఎన్నడు ఇనలే."

"మన దిక్కు లేరు."

"ఉంటే ఎట్ల ఎరుకైతది మరి? బాణామతి జేసెటోళ్ళ తీరుగనా? ముంగట మంచిగనే మాట్లాడి, ఎనుక పని కానిచ్చెటోళ్ళా?"

"అసొంటోళ్ళే అనుకో," అన్నాను.

ఇక్కడ ఆగాలి. ఈ మాట దగ్గర నేను ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆగానో.

బాణామతి అంటే మా పల్లెల్లో చేతబడి. ఊళ్ళో పిల్లలకు వరసగా జ్వరాలు వస్తే ఎవరో చేయించారంటారు. ఆ ఎవరో ఎప్పుడూ దిక్కులేని మనిషే అవుతుంది. మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, మొగుడు పోయిన మనిషి. ఆమే చేసిందన్నారు. మంత్రం పలకకుండా ఉండాలని రాళ్ళతో ముందుపళ్ళు రాలగొట్టారు. ఊరు విడిచి మా ఇంటికి వచ్చి, మా ఇంట్లోనే పోయింది. మాట సరిగా పలకని ఆ నోటితోనే నన్ను బడి మాన్పించవద్దని అమ్మను బతిమాలుకునేది. ఆమె ఏమీ చేయలేదని నాకు తెలుసు. ఎవరూ ఏమీ చేయరని, బాణామతి అనేదే లేదని, డిగ్రీ చదివిన నాకు మరీ బాగా తెలుసు. ఆమె సంగతి క్యాంపులో ఎవరికీ తెలియకుండా దాచుకున్నాను. రాజలింగం ఆ పోలిక తెచ్చినప్పుడు నాకు ఆమే గుర్తుకు వచ్చింది. తెలిసే అన్నాను. అసొంటోళ్ళే అనుకో అని. ఎక్కడో ఉన్న ఒక జాతి మొత్తాన్ని మా పెద్దమ్మ నిలబడిన చోట నిలబెట్టాను, రాళ్ళు పట్టుకున్నవాళ్ళ పక్కన నేను నిలబడ్డాను.

ఇక దానియేలు సంగతి.

దానియేలు గుంటూరు జిల్లా రేపల్లె దగ్గరివాడు. ఏసీలు, తాగునీళ్ళ కూలర్లు బాగుచేసే మెకానిక్కు. మా వాళ్ళ భాషకు అతను నవ్వేవాడు, అతని భాషకు మా వాళ్ళు నవ్వేవారు. అంతకు మించి ఎవరితోనూ రాకపోకలు లేవు. ఒక మధ్యాహ్నం నేను భోజనశాల బయట నీళ్ళు పట్టుకుంటుంటే, కూలరు వెనక కూర్చుని ఫిల్టరు కడుగుతున్నవాడు పిలిచాడు.

"మేస్టారూ, ఒక్క మాటండీ. నాకు శుక్రవారం సెలవొద్దండీ. ఆ రోజు డ్యూటీ నేను చేసుకుంటా. శనివారం వదిలేయండి చాలు."

అక్కడ అందరికీ సెలవు శుక్రవారమే. శనివారం పని మొదలయ్యే రోజు. నేను పుస్తకాల తెలుగులోకి మారి అడిగాను.

"శనివారం ఎందుకు?"

"మాకు విశ్రాంతి దినమండీ."

"క్రైస్తవులకు ఆదివారం కదా."

"అందరూ అట్టాగే అంటారండీ." నవ్వాడు. "మా ఊళ్ళో ఆదివారపోళ్ళు మమ్మల్ని శనిగాళ్ళని ఎక్కిరిస్తారు. మాది శనివారపు సభండీ. దేవుడు ఏడో రోజునే విశ్రాంతి తీసుకోమన్నాడు. మేం అదే పట్టుకున్నాం."

"మీరు తప్ప ఇంకెవరూ పాటించరా?"

"ఎందుకు పాటించరండీ, యూదులు పాటిస్తారు. వాళ్ళదీ శనివారమేగా. రొయ్యలూ, పొలుసు లేని చేపా మేము ముట్టనిది కూడా అందుకేనండీ, అన్నీ పాత నిబంధనలోవే. ఆ మాటకొస్తే ప్రభువు కూడా యూదుడేగదండీ."

ఎంత తేలిగ్గా అన్నాడో! మాట అంటూనే చొక్కా చేతికి నీళ్ళు తుడుచుకున్నాడు.

"ఈ సంగతి ఇక్కడ ఎవరితోనూ అనకండి," అన్నాను.

"ఎవరితో అంటానండీ? మీరు చదువుకున్నోరు, మీకైతే అర్థమవుద్దని చెప్పా."

శనివారం మార్చి ఇచ్చాను. రోజుల లెక్క సరిపోతే పై ఆఫీసుకు అభ్యంతరం లేదు. కాని అతని మాటలు నాలో పులియడం మొదలుపెట్టాయి. అతను నిజం చెప్పాడు. ఆ నిజాన్ని నేను ఆ కాగితాల వెలుగులో చూశాను. క్రైస్తవుడినంటున్నాడు. ఆదివారం పాటించడు. యూదుల రోజు పాటిస్తాడు, యూదుల తిండి తింటాడు. అలాంటివాళ్ళు ఎవరి పేరైనా పెట్టుకుంటారని రాసి ఉంది కదా. మరి ఇంత ధైర్యంగా ఎందుకు చెప్పాడు? నన్ను పరీక్షించడానికా? అవునంటే అవును. కాదంటే దాస్తున్నాడు. ఎటు తిప్పినా అతను బయటపడే దారి లేకుండా ఉంది ఆ ఆలోచన. అది తర్కమని, నేను తెలివైనవాడినని అనుకున్నాను.

తర్వాత యుద్ధం వచ్చింది. సైరన్లు. కిటికీలకు టేపులు. మాస్కులు మా దాకా రాలేదు, తడి తువ్వాళ్ళు ముక్కుకు కట్టుకోమన్నారు. సముద్రంలోకి నూనె వదిలారని, ఉప్పునీటిని మంచినీరు చేసే కర్మాగారాలు ఆగిపోతాయని పుకారు లేచింది. మా వాళ్ళు ఎక్కడ డ్రమ్ము కనబడితే అక్కడి నుంచి దొర్లించుకుని వచ్చి గదుల్లో నీళ్ళు నింపుకున్నారు. కొన్ని రోజులకు క్యాంపులో వాంతులు, విరేచనాలు. నిలబడలేక మనుషులు గోడలు పట్టుకుని నడిచారు. ఇది గ్యాసా? విషమా? ఎవరు కలిపారు? మంచం మీద పక్కన పడుకున్నవాణ్ణి కూడా ఒక కంట కనిపెట్టి చూసే రోజులు అవి. ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే నా గురించేనేమో అనిపించేది.

రాజలింగం పాలిపోయిన ముఖంతో నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, గుంటూరాయన శుక్రవారం అందరం పంటే కూలర్ల కాడ తిరుగుతడు. శనివారం అందరం పోతే క్యాంపుల ఒక్కడే ఉంటడు. గిదేం కథ?"

నాకు కథ తెలుసు. అతనే చెప్పాడు. ఒక్క వాక్యం చాలు: వాళ్ళ సంఘం ఆచారం అది. ఆ వాక్యానికి బదులు నేను ఇలా అన్నాను.

"శనివారం ఎవలిదో ఎరుకేనా? యహూదీలది. నీళ్ళ కాడ ఉన్నదెవలో నువ్వే చూసుకో."

అంతే. ఆ మాట చీకటి పడకముందే గది గదికీ తిరిగింది. మర్నాడు అతని కూలర్ల దగ్గర నీళ్ళు పట్టుకునేవారు లేరు. ఆ సాయంత్రం అతని పరుపు, ట్రంకు ఇసుకలో పడ్డాయి. పనిముట్ల సంచిలో విషం సీసా ఉందని వెతికారు. దొరకలేదు. దొరకకపోవడం కూడా నేరమే అయింది. ఎవరో కొట్టారు. తర్వాత చాలామంది కొట్టారు. నేను కొట్టలేదు. ఇదిగో, నన్ను నేను దిద్దుకునే చోటు ఇదే, గమనించండి. కొట్టినవాళ్ళందరూ నా చేతులే.

ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, అందరినీ తన క్యాబిన్‌కు పిలిపించాడు. ఆయన చెడ్డవాడు కాడు. యుద్ధం మధ్యలో ఈ తలనొప్పి ఏమిటని విసుగ్గా ఉన్నాడు. దానియేలు నిలబడి ఉన్నాడు, ఒక చెవి దగ్గర నెత్తురు ఎండిపోయి ఉంది. నేను లోపలికి వెళ్ళగానే అతని ముఖం వెలిగింది. నన్ను చూసి ఒక మనిషి ముఖం అలా వెలగడం నా జీవితంలో మళ్ళీ జరగలేదు.

"సాబ్, ఇస్ కో మాలూం హై. ఇస్ కో పూఛో," ఇతనికి తెలుసు, ఇతన్ని అడగండి అని మేనేజరుతో అన్నాడు. నాతో తెలుగులో అన్నాడు. "చెప్పండి మేస్టారూ. ఆ రోజు కూలరు దగ్గర మీకు చెప్పాగదండీ. మాది శనివారపు సభని. ఒక్క ముక్క చెప్పండి చాలు."

మేనేజరు నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు. ఇతని సంగతి నీకు తెలుసా?

తలుపు దగ్గర రాజలింగం ఉన్నాడు. వెనక మిగతావాళ్ళు. అవును, నాకు ముందే తెలుసు, అతను క్రైస్తవుడే అంటే, ముందు నేను చెప్పింది అబద్ధమని వాళ్ళకు తెలిసిపోతుంది. యహూదీని వెనకేసుకొచ్చే ఇతనెవరని నన్నూ అనుమానిస్తారు. నా కింద ఆ మంచం మీది చోటు కదిలిపోతుంది.

"చెప్పలేను సార్," అన్నాను. ఇంగ్లీషులో, తప్పులు లేకుండా.

దానియేలు నన్ను తిట్టలేదు. మర్నాడు జీపులో తీసుకెళ్ళారు. పోలీసుల దగ్గర కొంతకాలం ఉంచి, దారులు తెరుచుకున్నాక పాస్‌పోర్టులో ఎగ్జిట్ వీసా వేసి ఇంటికి పంపారని కొందరన్నారు. ఇంకా లోపలే ఉన్నాడని కొందరన్నారు. నేను కనుక్కోలేదు. హాజరు వేసేవాణ్ణి, కనుక్కోగలిగినవాణ్ణి. కనుక్కోలేదు.

అతను వెళ్ళాక కూడా వాంతులు ఆగలేదు. గదుల్లో నింపుకున్న డ్రమ్ములు రంగుల్లో కలిపే మందు పోసి ఉంచినవని, సరిగా కడగలేదని తర్వాత కంపెనీ డాక్టరు కనిపెట్టాడు. డ్రమ్ములు బయట పారేశారు. అందరూ కోలుకున్నారు. ఎవరూ దానియేలు పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఊరికి తిరిగి వచ్చి ప్రభుత్వ ఉద్యోగంలో చేరాను. ఒకసారి జిల్లా గ్రంథాలయంలో యూరపు చరిత్ర చదువుతూ ఒక పేజీని రెండుసార్లు చదివాను. వందల ఏళ్ళ క్రితం అక్కడ మహమ్మారి వచ్చి జనం రాలిపోతున్నప్పుడు, యూదులు బావుల్లో విషం కలిపారని పుకారు పుట్టింది. ఊళ్ళకు ఊళ్ళుగా వాళ్ళను తగలబెట్టారు. అదే రోగానికి యూదులూ చనిపోతున్నారని ఎవరూ చూడలేదు. నీళ్ళ కాడ ఉన్నదెవలో చూసుకో అన్న మాట నా సొంత తెలివి అనుకున్నాను ఇన్నాళ్ళూ. అది నా నోటికంటే ఎంత ముసలిదో! ఎన్ని భాషలు దాటి, ఎన్ని సముద్రాలు దాటి, ఏ కాగితాల్లో దాక్కుని నా దగ్గరికి వచ్చిందో, నేను దానికి తెలుగు నేర్పాను. ఆ కాగితాల్లోని కథలు కూడా అక్కడెక్కడో ఎవరో కల్పించినవేనని, అబద్ధాలని ఎప్పుడో తేలిపోయిందని తర్వాత తెలిసింది. తేలిపోయిన అబద్ధం కూడా నడుస్తూనే ఉంటుంది, నాలాంటివాళ్ళు దొరుకుతున్నంత కాలం.

రేపల్లెకు వెళ్ళాలని చాలాసార్లు అనుకున్నాను. వెళ్ళలేదు. వెతికితే దొరకడని కాదు. దొరుకుతాడని భయం.

ఈమధ్య రాజలింగం ఇంటికి వెళ్ళాను. ముసలివాడయ్యాడు. కొడుకు ఇంటి ముందు గదిలోనే ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. టీవీలో ఎక్కడిదో యుద్ధం నడుస్తోంది. ఆ కుర్రవాడు దుకాణంలో కూర్చున్నవాళ్ళకు చెబుతున్నాడు.

"అన్ని లడాయిలు యూదులే వెట్టిస్తరు. మా బాపు సౌదీల కండ్లార చూసిండు. నీళ్ళల్ల మందు గలిపినోన్ని పట్టుకున్నరట. గా సారును అడుగున్రి, ఆయన గూడ ఉండె."

అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరవకముందే రాజలింగం కలగజేసుకున్నాడు.

"ఏ, గాడు యూదుడు గాదురా. మనోడే, గుంటూరాయన. పాపం, ఉత్తగనే బద్నాం జేసినం. అసలు యూదులైతే వేరే ఉంటరు. గదా సారూ?"

నేను టీ గ్లాసు పట్టుకుని ఉన్నాను. తల ఊపాను.

ఎందుకు ఊపానో చెబుతాను. ఆ మాట నాకు హాయిగా అనిపించింది. ఇన్నేళ్ళూ నన్ను నేను ఓదార్చుకున్నది కూడా ఆ మాటతోనే: అయ్యో, పొరపాటు పడ్డాను, అతను యూదుడు కాడు. నా బాధ అంతా పొరపాటు మనిషిని పట్టించానని. మరి అతను నిజంగా యూదుడే అయి ఉంటే? ఆ నెత్తురు, ఆ ఇసుకలో పడ్డ పరుపు, అప్పుడు సరైనవి అయ్యేవా? నాకు నిద్ర పట్టేదా? పట్టేదేమో. ఈ జవాబు రాయడానికే ఈ కాగితం ముందు ఇంతసేపు కూర్చున్నాను. మా పెద్దమ్మ విషయంలో ఊరివాళ్ళు మనిషిని పొరబడలేదు. అసలు లేని నేరాన్ని నమ్మారు. నేనూ అదే చేశాను. దానియేలు మీద మోపింది ఒక రోజు అబద్ధం. యూదుల మీద మోపింది ఇంకా ఆ దుకాణంలో కూర్చుని ఉంది, నా తలూపుతో సహా.

కనుక మామూలు మాటల్లో రాస్తున్నాను. దానియేలు నాకు నిజం చెప్పాడు. అది నిజమని తెలిసే, అడిగినప్పుడు చెప్పలేనన్నాను. నేనెన్నడూ చూడని యూదుల గురించి, నన్ను నమ్మిన మనుషులకు అబద్ధం నేర్పాను. అది పొరపాటు కాదు. నా గొప్ప నిలబెట్టుకోవడానికి చేశాను.

మీరు క్షమించనక్కరలేదు. అది మీ చేతిలో లేదు. ఇది రాశాక నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆడకపోయినా రాసేవాణ్ణే అని అనాలని ఉంది, కాని అది నిజమో కాదో నాకు తెలియదు.